గులాం యజ్దానీ జీవితం – తెలుగు నేలపై రోమక సంబంధాల పరిశోధన

ఉపోద్ఘాతం

సంస్కృత పాఠశాలలో చదువుకున్న వారెవరికైనా అమరకోశం కంఠస్థమై ఉంటుంది. నానార్థవర్గంలో నిష్క శబ్దానికి చెప్పిన అర్థాలలో దీనారం ఒకటి. బాల్యంలో గురుముఖతః ఆ పదాన్ని వల్లించినప్పుడు అదేదో పూర్వకాలపు బంగారు నాణెమని మాత్రమే తెలుసుకున్నాను. అది మన ధాతువులనుండి పుట్టిన శబ్దం కాదనీ, రోమనుల దెనారియస్ అనే నాణెం పేరు సముద్రం దాటి వచ్చి సంస్కృత వేషం ధరించిందనీ అప్పుడు ఎవరూ చెప్పలేదు. రోములో దెనారియస్ వెండి నాణెం. మన దేశంలో గుప్తుల కాలంనాటికి దీనారమంటే బంగారు నాణెం. పదం ప్రయాణించింది, ప్రయాణంలో లోహం మారింది.

ఆ పదానికి మూలమైన దేశపు నాణెం మా వికారాబాదుకు ఉత్తరాన, ఎంతో దూరం లేని కొండాపూర్ దిబ్బలో దొరికిందని తెలుసుకొనేసరికి నాకు నడివయస్సు దాటింది. ఆ దిబ్బను త్రవ్వించినవారు గులాం యజ్దానీ. ప్రాచ్యవిద్యా పరిషత్తులలో ఆయన పేరు అజంతా చిత్రాల సందర్భంలో వినబడుతుంది. తెలుగువారికి రామప్ప గుడి సందర్భంలో కొంత తెలుసు. గ్రీకు రోమక నాగరికతలతో మన నేలకు గల సంబంధాన్ని వెలికితీసే కృషిలో ఆయన స్థానం ఏమిటో, అందులో ఎంత నిలిచిందో, ఎంత నిలవలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జననం – విద్య

యజ్దానీ 1885వ సంవత్సరంలో ఢిల్లీలో జన్మించారు. అక్కడే విద్యాభ్యాసం చేసి, అరబ్బీ పారసీక భాషలలో పాండిత్యం సంపాదించి, కొంతకాలం ప్రభుత్వ కళాశాలలలో అరబ్బీ ఆచార్యులుగా పనిచేశారు. ఆయన మొదట పురాతత్త్వవేత్త కారు, భాషావేత్త. వ్రాతప్రతులను సరిచూచి పాఠనిర్ణయం చేయడం, శాసనాక్షరాలను చదవడం ఆయన తొలి విద్య. షాజహాన్ చరిత్రను చెప్పే అమల్-ఎ-సాలిహ్ అనే పారసీక గ్రంథాన్ని బిబ్లియోథెకా ఇండికా మాలలో పరిష్కరించి ప్రకటించారు. అరబ్బీ పారసీక శాసనాలకై భారత ప్రభుత్వం వెలువరించిన ఎపిగ్రాఫియా ఇండో-మోస్లెమికా పత్రికకు చాలాకాలం సంపాదకత్వం వహించారు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. గ్రీకు విద్యతో పరిచయానికి సంస్కృత పండితునికి ఒక ద్వారం, అరబ్బీ పండితునికి మరొక ద్వారం ఉన్నాయి. పాణిని యవన శబ్దానికి స్త్రీప్రత్యయాన్ని విధించగా, ఆ రూపం యవనుల లిపిని చెబుతుందని వార్తికకారుడు వివరించాడు. కాళిదాసు శాకుంతలంలో రాజును పరివేష్టించి యవనస్త్రీలు కనిపిస్తారు. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో రోమక సిద్ధాంతాన్ని గ్రహించాడు. అరబ్బీ పండితుడు అరిస్టాటిలును అరస్తూగా, ప్లేటోను అఫ్లాతూనుగా, గాలెనును జాలీనూసుగా చదువుకుంటాడు. హైదరాబాదులో నేటికీ ఆదరణ గల యునానీ వైద్యం పేరులోని యునాన్, మన యవన శబ్దం, రెండూ అయోనియా అనే ఒకే గ్రీకు దేశనామంనుండి వచ్చినవే. ఒకే నది రెండు పాయలై రెండు పాఠశాలల ముంగిట ప్రవహించింది. ఇరుగుపొరుగునే ఉన్నా ఆ పాఠశాలలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొన్నది తక్కువ. యజ్దానీ జీవితంలో ఆ రెండు పాయలూ కలిసే సందర్భం వచ్చింది.

హైదరాబాదు రాక

1914లో నిజాం ప్రభుత్వం ప్రత్యేకంగా పురాతత్త్వ శాఖను స్థాపించి యజ్దానీని తొలి సంచాలకులుగా నియమించింది. అప్పుడు ఆయన వయస్సు 29. మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి మూడేండ్లయింది. ప్రభుత్వంలో అక్బర్ హైదరీ ఈ శాఖకు అండగా నిలిచారు. అప్పటి భారత పురాతత్త్వ శాఖాధిపతి జాన్ మార్షల్ సలహాలు ఈ కొత్త శాఖకు లభించాయి. మార్షల్ కేంబ్రిడ్జిలో గ్రీకు లాటిన్ విద్యలను అభ్యసించి, క్రీట్ ద్వీపంలో త్రవ్వకాల అనుభవం గడించి మన దేశానికి వచ్చినవారు. మన దేశంలో నిర్మాణ పరిరక్షణకూ త్రవ్వకానికీ ఆయన ఏర్పరచిన పద్ధతుల వెనుక ఆ గ్రీకు అనుభవం ఉన్నది. కనుక గ్రీకు పురాతత్త్వ పరిశోధన వారసత్వం హైదరాబాదుకు మొదట నాణేల రూపంలో కాక పనిచేసే పద్ధతి రూపంలో వచ్చిందని చెప్పవచ్చు.

కొత్త శాఖకు ప్రారంభంలోనే అదృష్టం కలిసివచ్చింది. 1915లో రాయచూరు ప్రాంతపు మస్కిలో గనుల ఇంజనీరు బీడన్ అశోకుని శాసనాన్ని గుర్తించారు. దేవానాంప్రియుడు అశోకుడేనని ఆ పేరుతో స్పష్టపరచిన శాసనమది. హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరించగా హైదరాబాదు పురాతత్త్వ గ్రంథమాలలో ప్రథమ సంపుటంగా అది వెలువడింది. తన పదమూడవ శిలాశాసనంలో అంతియోకుడు మొదలైన యవనరాజులను పేర్కొన్న చక్రవర్తి పేరు ఈ విధంగా దక్కను రాతిమీద నిర్ధారితమయింది.

ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దాలు యజ్దానీ ఎడతెగక పనిచేశారు. పాలంపేట గుడులమీద ఆయన రచించిన గ్రంథం 1922లో భారత పురాతత్త్వ శాఖ ప్రకరణమాలలో ఆరవదిగా వెలువడింది. ఈనాడు ప్రపంచ వారసత్వ స్థానంగా 2021లో గుర్తింపు పొందిన రామప్ప ఆలయానికి శాస్త్రీయమైన తొలి వివరణలలో అది ముఖ్యమైనది. 1929లో మాండూ గ్రంథం వెలువడింది. తెలంగాణ శాసనాల సంపుటాలు ఆయన కాలంలోనే ఆ గ్రంథమాలలో చేరసాగాయి.

అజంతా – ఇటలీ నిపుణులు

అజంతా గుహలు అప్పుడు నిజాం రాజ్యంలోనివి. చిత్రాల పూత పెచ్చులుగా రాలిపోతున్నది. 1920–22 నడుమ ఇటలీనుండి లొరెంజో చెక్కోనీ, కౌంట్ ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను రప్పించి ఊడిపోతున్న పూతను గోడకు అతికించే పని చేయించారు. రోమక కుడ్యచిత్రాలు పుట్టిన దేశపు చేతిపని అజంతా గోడను నిలబెట్టడానికి ఉపయోగపడింది. ఆ పనికి రెండు ఫలితాలు కలిగాయి. రాలిపోవలసిన చిత్రం నిలిచింది. అయితే మీద పూసిన లక్కపూత కాలక్రమంలో పసుపు తిరిగి అసలు వర్ణాలను మరుగుపరచింది. తరువాతి తరాలవారు దానిని తొలగించడానికి ఎంతో శ్రమించవలసి వచ్చింది. ఆనాడు తెలిసినంతలో మంచిదని చేసిన పనికి కూడ మూల్యం ఉంటుందని దీనివలన తెలుస్తున్నది.

గాంధార శిల్పంలోని గ్రీకు బౌద్ధ సమ్మేళనాన్ని విశదీకరించిన ఫ్రెంచి విద్వాంసుడు ఆల్ఫ్రెడ్ ఫూషే ఆ దినాలలోనే అజంతాకు వచ్చి, చిత్రాలలోని జాతక కథలను గుర్తించడంలో తోడ్పడ్డారు. యజ్దానీ అజంతా గ్రంథం నాలుగు భాగాలుగా 1930, 1933, 1946, 1955 సంవత్సరాలలో వెలువడింది. మొదటి భాగానికీ చివరి భాగానికీ నడుమ పాతికేండ్లు గడిచాయి. ఈ మధ్యకాలంలో ఒక ప్రపంచ యుద్ధం ముగిసింది, దేశం స్వతంత్రమయింది, ఆయన కొలువు చేసిన రాజ్యమే అంతరించింది. గ్రంథం మాత్రం ఆగలేదు.

కొండాపూర్ త్రవ్వకం

ఇక ప్రస్తుత విషయానికి ప్రధానమైన కొండాపూర్. నేటి సంగారెడ్డి జిల్లాలో ఊరికి సమీపాన పెద్ద దిబ్బ ఒకటి ఉన్నది; స్థానికులు దానిని కోటగడ్డ అంటారు. 1900 ప్రాంతంలో హెన్రీ కజిన్స్ దీనిని గుర్తించారు. నాలుగు దశాబ్దాల తరువాత, 1940లో, యజ్దానీ నేతృత్వాన త్రవ్వకం ప్రారంభమయింది. అప్పటికి ఆయన పదవీకాలం చివరి దశలో ఉన్నది. యూరపులో యుద్ధం సాగుతున్నది.

ఈ స్థలం ఎందుకు ముఖ్యమో గ్రహించాలంటే మార్గాలను చూడాలి. క్రీస్తుశకం తొలి శతాబ్దంలో గ్రీకుభాషలో అజ్ఞాత నావికుడొకడు రచించిన పెరిప్లస్ అనే గ్రంథం ప్రతిష్ఠానానికి తూర్పున పదిదినాల ప్రయాణంలో తగర అనే పట్టణం ఉన్నదనీ, సముద్రతీర ప్రాంతాలనుండి వచ్చే సరకులు కూడ అక్కడికి చేరి, ఆ మార్గాన భరుకచ్ఛపు రేవుకు పోతాయనీ తెలుపుతున్నది. తూర్పుతీరంలో మసాలియా దేశపు సన్ననూలు వస్త్రాలను కూడ ఆ గ్రంథం పేర్కొన్నది. అది మన మచిలీపట్టణ ప్రాంతం. తగర నేటి తేర్ గ్రామమేనని ఫ్లీట్ 1901లో నిర్ణయించి, తూర్పుతీరంనుండి హైదరాబాదు ప్రాంతం మీదుగా తేర్ వైపు పోయే పాతబాటను ఊహించారు. కొండాపూర్ ఆ బాటకు సమీపాన ఉన్నది. నైరుతిదిశగా తాండూరు దాటిపోతే భీమానదీతీరాన సన్నతి బౌద్ధక్షేత్రం. అందువలన వికారాబాదు, తాండూరు సీమ సముద్రానికి దూరమైన మారుమూల కాదు. రెండు తీరాలను కలిపే మార్గానికి పక్కనున్న నేల. 1874లో వాడినుండి సికిందరాబాదుకు వేసిన ఇనుపదారి తాండూరు, వికారాబాదుల మీదుగానే పోయింది. కొండలు, నదులు ఇచ్చిన సందులనే ప్రయాణికుడు ఏ యుగంలోనైనా వెదుకుతాడు.

దిబ్బలో ఇటుక కట్టడాలు, స్తూపం, చైత్యం, విహారం బయటపడ్డాయి. రమారమి రెండువేల నాణేలు లభించాయి. వానిలో అత్యధికం శాతవాహనులవి. నాణేలను పోతపోసే అచ్చులు దొరకడంవలన ఇక్కడ టంకశాల ఉండేదని విద్వాంసులు నిర్ణయించారు. రంగురాళ్ళ పూసలు, మట్టిబొమ్మలు, కేయొలిన్ అనే తెల్లమట్టితో జోడు అచ్చులలో తీసిన బొమ్మలు విస్తారంగా దొరికాయి. వీనితోపాటు రోమక చక్రవర్తి ఆగస్టసుకు చెందిన బంగారు నాణెం, రోమక నాణేలను అనుకరిస్తూ మట్టితో చేసి మెడలో వ్రేలాడదీసికొనేందుకు కొక్కెం పెట్టిన బిళ్ళలు లభించాయి.

ఈ ఫలితాలను యజ్దానీ 1941లో పుణె భండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన మందిరపు పత్రికలో ప్రకటించారు. కొండాపూరును ఆంధ్రపట్టణమని పేర్కొని, దాని కాలాన్ని క్రీ.పూ. 200 నుండి క్రీ.శ. 200 వరకు నిర్ణయించారు. ఢిల్లీలో పుట్టిన అరబ్బీ పండితుడు తెలుగు దిబ్బలో దొరికిన రోమక నాణేన్ని గూర్చి సంస్కృత పరిశోధనకు పుట్టినిల్లయిన పత్రికలో వ్రాశారు. ఆనాటి ప్రాచ్యవిద్య అంత విశాలంగా ఉండేది.

సాక్ష్య విమర్శ

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక రోమక నాణెం దొరికితే ఏమి రుజువైనట్లు?

మొదటిది, నాణెం దొరికినంత మాత్రాన రోమనులు వచ్చినట్లు కాదు. బంగారం చేతులు మారుతూ వచ్చి ఉండవచ్చు. రెండవది, ఆగస్టసు క్రీ.శ. 14లో మరణించాడు కనుక నాణెం దొరికిన పొర ఆనాటిదే అనడం తర్కసమ్మతం కాదు. నాణెం ముద్రితమైన తరువాత ఎప్పుడైనా భూమిలో పడి ఉండవచ్చు. దానికి ముందు మాత్రం పడి ఉండదు. నైయాయికుల పరిభాషలో చెప్పాలంటే, నాణెం పూర్వావధికి హేతువవుతుంది, ఉత్తరావధికి కాదు. మూడవది, జోడు అచ్చుల విద్య రోమునుండి వచ్చిందనేవారూ, స్వతంత్రంగా వికసించిందనేవారూ ఉన్నారు. సాదృశ్యం ఒక్కటే కార్యకారణభావాన్ని సాధించజాలదు.

ఈ ప్రశ్నలకు సమాధానం వస్తువులో కాక, వస్తువు ఏ పొరలో ఏ ఇతర వస్తువులతో దొరికిందనే విషయంలో ఉంటుంది. ఇక్కడే యజ్దానీ కృషికి పరిమితి కనిపిస్తుంది. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి సమీపపు అరికమేడులో పొరలవారీగా త్రవ్వి, ఇటలీలో తయారైన మట్టిపాత్రల ఆధారంగా దక్షిణ భారత కాలనిర్ణయానికి గట్టి పునాది వేశారు. 1947లో బ్రహ్మగిరి, చంద్రవల్లి త్రవ్వకాలు ఆ మార్గాన్ని ధ్రువపరచాయి. చంద్రవల్లిలో టైబీరియసు నాణెం లభించింది. కొండాపూర్ త్రవ్వకం ఈ పద్ధతి మన దేశంలో నెలకొనడానికి నాలుగైదు ఏండ్లముందే జరిగిపోయింది. ఆలస్యంగా జరిగి ఉంటే ఎంతో ఎక్కువ తెలిసి ఉండేది. పైగా యజ్దానీ 1943లో పదవీవిరమణ చేశారు. ఆయన చేతిమీదుగా సమగ్ర నివేదిక వెలువడలేదు. పూసలమీద ఎం.జి. దీక్షిత్ రచించిన గ్రంథం 1952లో వచ్చింది. త్రవ్విన పొర మళ్ళీ పూడదు. ఆ విధంగా పోయిన సాక్ష్యం పోయినట్లే.

ఇది యజ్దానీని తక్కువ చేయడానికి చెప్పే మాట కాదు. వ్రాతప్రతిలో ఒక పాఠం నశిస్తే మరొక ప్రతిలో వెదుకుతాము. భూమికి రెండవ ప్రతి లేదు. ఆయన దిబ్బనంతా త్రవ్వి వేయక మిగిల్చినందువలననే 2009 తరువాత భారత పురాతత్త్వ శాఖ మళ్ళీ అక్కడ త్రవ్వకాలు జరిపి, బౌద్ధ నిర్మాణాలతోపాటు వైదికసంప్రదాయ సంబంధమైన కట్టడాలను కూడ గుర్తించగలిగింది. దొరికిన వస్తువులను చెల్లాచెదరు కానీయక స్థలంవద్దనే ప్రదర్శనశాలలో ఉంచడంవలన ఈనాడు మనం చూడగలుగుతున్నాము.

మరికొన్ని ఆధారాలు యజ్దానీ కనుగొన్నదానిని బలపరుస్తున్నాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఆగస్టసు, టైబీరియసుల వెండి నాణేలు వెయ్యికిపైగా ఒకేచోట లభించాయి. ఆంధ్రప్రదేశంలో దొరికిన రోమక నాణేలపై పరమేశ్వరీలాల్ గుప్తా గ్రంథం 1965లో వెలువడింది. నాగార్జునకొండలో రుద్రధరభట్టారిక శాసనం 170 దీనారి మాషకాల దానాన్ని తెలుపుతున్నది. పాశ్చాత్య నాణెం పేరు ఇక్ష్వాకుల కాలంనాటికి తెలుగు నేలపై దానశాసనంలో ప్రవేశించిందన్నమాట. అవతలి గట్టున ప్లినీ భారతదేశానికి ఏటేటా ఐదుకోట్ల సెస్టర్సుల ధనం తరలిపోతున్నదని ఆక్షేపించాడు. ఆ అంకెలో అతిశయోక్తి ఉన్నదనేవారున్నా, ధనం ఏ దిక్కుకు ప్రవహించిందో ఇరుపక్షాల సాక్ష్యమూ ఒకటే చెబుతున్నది. మన నేత, మన పూస, మన మిరియం రోములో ధనమయ్యాయి. రోము ధనం ఇక్కడ ఆభరణమయింది. చక్రవర్తి బొమ్మ గల నాణేన్ని మట్టితో అనుకరించి మెడలో వేసికొన్న ఆ కొండాపూర్ స్త్రీకో బాలునికో ఆగస్టసు ఎవరో తెలిసి ఉండదు. పరసంస్కృతి ఇతర దేశాలలో నిలిచే విధం తరచుగా ఇదే.

చరమదశ

విరమణానంతరం యజ్దానీ హైదరాబాదులోనే ఉండి రచన సాగించారు. బీదరు నిర్మాణాలపై ఆయన మహాగ్రంథం 1947లో వెలువడింది. దక్కను ప్రాచీన చరిత్రను సమగ్రంగా వ్రాయించాలనే సంకల్పం 1960లో ఫలించింది. రెండు సంపుటాల ఆ గ్రంథానికి ఆయన సంపాదకులు. కె.ఎ. నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ మొదలైనవారు అందులో ప్రకరణాలు వ్రాశారు. కళలను గూర్చిన భాగాన్ని యజ్దానీ స్వయంగా రచించారు. భారత ప్రభుత్వం 1959లో పద్మభూషణ బిరుదుతో సత్కరించింది. 1962లో ఆయన పరమపదించారు.

నిజాము ఆశ్రయంలో ఆరంభమైన జీవితం స్వతంత్ర భారతంలో ముగిసింది. పోలీసు చర్యకు ముందు ఆయన త్రవ్విన బౌద్ధ, వైదిక, మహమ్మదీయ నిర్మాణాల విషయమై ఆయన లేఖనిలో భేదభావం కనిపించదు. రామప్ప గుడికి ఎంత శ్రద్ధ చూపారో బీదరు మదరసాకు అంతే శ్రద్ధ చూపారు.

ఉపసంహారం

ఈ జీవితంనుండి ప్రాచ్య కళాశాలలవారు గ్రహించవలసినది రెండు మాటలలో చెప్పి ముగిస్తాను.

యవన, రోమక, దీనార శబ్దాలను మనం కోశంలో చదువుతాము. వాని వస్తువులు మన పొలాలలో ఉన్నాయి. శబ్దాన్ని ఎరిగినవాడు వస్తువును చూడక, వస్తువును త్రవ్వినవాడు శబ్దాన్ని ఎరుగక ఇరువురూ సగం సత్యంతో తృప్తిపడుతున్నారు. మా విద్యార్థులను ఒకసారి కొండాపూర్ తీసికొనిపోయి, అమరకోశం చదివించిన తరువాత ఆ వస్తువులను చూపించాను. ఆ దినం వారడిగిన ప్రశ్నలు అంతకుముందు ఏడాదిపొడవునా అడిగినవానికంటె ఎక్కువ.

రెండవది మరింత తొందరపడవలసినది. వికారాబాదు, తాండూరు పల్లెలలో దుక్కిలోనో, బావి త్రవ్వకంలోనో, నాపరాతి గనులలోనో పాతనాణెం దొరికితే అది కంసాలి కుంపటికి పోవడం అరుదు కాదు. 1878నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం అటువంటి నిధిని జిల్లా కలెక్టరుకు తెలియజేయవలసి ఉన్నది. ఆ సంగతి తెలిసిన రైతు అరుదు. మన విద్యార్థులలో పెక్కుమంది ఆ పల్లెలనుండి వచ్చినవారే. యజ్దానీకి చేతికందినది ఒక నాణెం. కరిగిపోయినవి ఎన్నో లెక్క కట్టినవారు లేరు. ఇకమీదట కరగబోయేదానిని ఆపడం మాత్రం ఒక ఉపాధ్యాయుడు తరగతిలో పది నిమిషాలు వెచ్చిస్తే సాధ్యమయ్యే పని.